ఫెమ్టోసెకను పల్సుల బలం పెంచే ఫైబర్ యాంప్లిఫయర్లు: విశాఖలో ఎవరికి ఏది నప్పుతుంది?

జర్మనీలోని యేనా పరిశోధకులు 2010లో ఒక ఫైబర్ లేజర్ నుంచి 830 వాట్లు రాబట్టారు. పల్సు నిడివి 640 ఫెమ్టోసెకన్లు (సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోసెకను), సెకనుకు 7.8 కోట్ల పల్సులు. మరుసటి ఏడాది అదే ఊరి నుంచి వచ్చిన ఇంకో ఫైబర్ లేజర్ సగటు పవరు 11 వాట్లే. ఒక్కో పల్సులో ఎంత శక్తి ఉందో చూడండి: మొదటిదానిలో 11 మైక్రోజౌళ్ల లోపు, రెండోదానిలో 2.2 మిల్లీజౌళ్లు. రెండొందల రెట్లు తేడా, అదీ తక్కువ వాట్ల లేజర్ వైపు.

ఫైబర్ యాంప్లిఫయర్ (లేజర్ పల్సును సన్నటి గాజు తీగలో నడిపించి బలం పెంచే పరికరం) కొనాలనుకునేవాళ్లు, సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లు దాదాపు అందరూ "ఎన్ని వాట్లు?" అనే మొదలుపెడతారు. యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటయినా, మెడ్‌టెక్ జోన్‌లో స్టెంట్లు కోద్దామనుకునే చిన్న కంపెనీ అయినా అంతే. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి మూడు: ఒక్క పల్సులో ఎంత శక్తి కావాలి, ఆ పల్సు ఎంత పొట్టిగా ఉండాలి, సెకనుకు ఎన్ని పల్సులు కావాలి. ఈ మూడూ తేలితే వాట్లు వాటంతటవే వస్తాయి. 20 వాట్ల లేజర్ 40 మెగాహెర్ట్జ్ దగ్గర నడిస్తే పల్సుకు దక్కేది అర మైక్రోజౌల్. అదే 20 వాట్లు 200 కిలోహెర్ట్జ్ దగ్గరయితే 100 మైక్రోజౌళ్లు. రెండు బ్రోచర్ల మీదా ఉండేది 20 వాట్లే.

ఆ తర్వాత నాలుగో ప్రశ్న ఒకటుంది, అది ఊరికి సంబంధించింది. దాన్ని ఎవరు చూసుకుంటారు, ఏ గదిలో పెడతారు? సముద్రం పక్కన ఈ ప్రశ్న బరువు ఎక్కువ. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఫైబర్‌కు ఎందుకింత ఇబ్బంది

యిటర్బియం అనే లోహం కలిపిన ఫైబర్‌ను 976 నానోమీటర్ల డయోడ్‌తో పంప్ చేస్తే, అంటే శక్తి నింపితే, 1030 నానోమీటర్ల దగ్గర కాంతి పెరుగుతుంది. పంప్‌కూ సిగ్నల్‌కూ మధ్య తేడా ఐదారు శాతమే కాబట్టి వేడిగా పోయేది తక్కువ. ఫైబర్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది గనక ఆ కాస్త వేడీ సులువుగా బయటికి పోతుంది. బీమ్ కూడా చక్కగా వస్తుంది. సగటు పవరు విషయంలో ఫైబర్‌కు వంక పెట్టడానికి లేదు.

చిక్కంతా పీక్ పవరుతో, అంటే పల్సు శిఖరం దగ్గర ఉండే పవరుతో. కాంతి అంతా కొన్ని మైక్రాన్ల కోర్‌లో (ఫైబర్ నడిమి భాగంలో) కిక్కిరిసి మీటర్ల దూరం నడుస్తుంది. తీవ్రత పెరిగేకొద్దీ గాజు వక్రీభవన గుణకం కూడా మారుతుంది, పల్సు తన దశను తానే చెడగొట్టుకుంటుంది. ఇలా పోగైన మొత్తాన్ని బి-ఇంటెగ్రల్ అంటారు. అది 3 రేడియన్ల చుట్టుపక్కల ఉన్నంతవరకు పల్సును తిరిగి శుభ్రంగా కుదించవచ్చు. దాటితే పల్సుకు అటూ ఇటూ తోకలు మొలుస్తాయి. ఇది కాక ఇంకో గోడ ఉంది. పీక్ పవరు సుమారు 4 మెగావాట్లు దాటితే సిలికాలో బీమ్ తనంతట తానే ఒక బిందువుకు కుదించుకుపోయి గాజును పగలగొడుతుంది. కోర్ ఎంత పెద్దది చేసినా ఈ 4 మెగావాట్ల హద్దు కదలదు.

ఒక లెక్క చూద్దాం. 10 మైక్రోజౌళ్లు, 300 ఫెమ్టోసెకన్లు అంటే పీక్ 33 మెగావాట్లు. నేరుగా ఫైబర్‌లో పెంచితే ఫైబర్ మిగలదు. పల్సును ముందు 500 పికోసెకన్లకు సాగదీస్తే పీక్ 20 కిలోవాట్లకు దిగుతుంది. మోడ్ వ్యాసం (కోర్‌లో కాంతి పరుచుకునే వెడల్పు) 25 మైక్రాన్లు, పొడవు 2 మీటర్లు, గెయిన్ (పెంచే మోతాదు) వంద రెట్లు అనుకుంటే బి-ఇంటెగ్రల్ 2.8 దగ్గర తేలుతుంది. అంటే 10 మైక్రోజౌళ్లు ఆ ఫైబర్‌కు ఇంచుమించు హద్దు. అదే సాగదీతతో 65 మైక్రాన్ల మోడ్ ఉన్న 80 సెంటీమీటర్ల రాడ్‌లో (వంగని గాజు కడ్డీలో) 100 మైక్రోజౌళ్లు పెంచినా 1.7 దగ్గరే ఆగుతుంది. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసుకుంటే సగం బ్రోచర్లు పక్కన పెట్టేయవచ్చు.

సాగదీయకుండా పెంచడం

అన్నిటికన్నా చవకది, మొండిది ఇదే. పోలరైజేషన్‌ను నిలిపి ఉంచే సింగిల్ మోడ్ ఫైబర్ తీసుకుని, అన్నీ స్ప్లైస్ చేసి (కరిగించి అతికించి), పెట్టెలో పెట్టి మూత వేసేయడమే. కొన్ని పదుల నానోజౌళ్ల దాకా హాయిగా పనిచేస్తుంది. టూ-ఫోటాన్ మైక్రోస్కోపుకు నమూనా మీద కావాల్సింది కొన్ని నానోజౌళ్లే కాబట్టి అంతకు మించి కొనడం డబ్బు దండగ. అయితే జీవశాస్త్రం వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) కుటుంబం ప్రొటీన్లు వెలగాలంటే 920 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి కావాలి. యిటర్బియం ఇచ్చేది 1030. ఎర్ర ప్రొటీన్లతో పనిచేసేవాళ్లకు ఇబ్బంది లేదు. మిగతావాళ్లు యాంప్లిఫయర్ రకాల గురించి చర్చించే ముందు తరంగదైర్ఘ్యం చూసుకోవడం మంచిది.

ఇందులోనే తెలివైన రకాలు రెండున్నాయి. మొదటిది పారాబోలిక్ పల్సులు. గెయిన్, డిస్పర్షన్ (రంగులు వేర్వేరు వేగాలతో నడవడం), నాన్‌లీనియారిటీ (తీవ్రతను బట్టి గాజు మారడం) మూడూ కలిసి పల్సును పారాబోలా ఆకారంలోకి నెడతాయని, ఆ ఆకారంలో వచ్చే చిర్ప్ (పల్సు పొడవునా రంగు మారే తీరు) తిన్నని గీతలా ఉంటుంది గనక శుభ్రంగా కుదించవచ్చని 2000లో చూపించారు. కానీ పల్సు స్పెక్ట్రమ్ పెరిగి యిటర్బియం గెయిన్ పట్టీని (అది పెంచగల రంగుల పరిధిని) తాకగానే ఈ మర్యాద చెడిపోతుంది. 2019లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఫ్రాంక్ వైజ్ బృందం ఈ హద్దునే దాటింది. ఫైబర్ పొడవునా గెయిన్ ఆకారం మారుతూ ఉండేలా చూసి, స్పెక్ట్రమ్‌ను గెయిన్ పట్టీ కన్నా వెడల్పు చేసి, 40 ఫెమ్టోసెకన్ల పల్సులు తెచ్చారు. పెద్ద కోర్ ఫైబర్‌తో శక్తి మైక్రోజౌల్ స్థాయికి వచ్చింది. అంత పొట్టి పల్సు అంత తక్కువ సామానుతో ఇంకెక్కడా రాదు.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? పంప్ పవరు కాస్త మార్చితే స్పెక్ట్రమ్ మారుతుంది, దానితో కుదింపు మారుతుంది. పవరు తగ్గించుకోవాలంటే యాంప్లిఫయర్‌ను తాకకుండా బయట వేవ్‌ప్లేటుతో తగ్గించుకోవాలి. పీహెచ్‌డీ విద్యార్థి ఉన్న ల్యాబుకు ఇది బంగారం. మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలో మాత్రం టెన్షన్.

సాగదీసి, పెంచి, కుదించడం

చిర్ప్‌డ్ పల్సు యాంప్లిఫికేషన్, అందరూ పిలిచే పేరు సీపీఏ. డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ 1985లో అమెరికాలోని రోచెస్టర్‌లో చేసి చూపించారు, 2018లో నోబెల్ వచ్చింది. వాళ్లు పల్సును సాగదీసింది 1.4 కిలోమీటర్ల ఫైబర్‌తోనే. పెంచడం మాత్రం వేరే గాజులో.

మైక్రోజౌళ్లలో పని ఉన్నవాళ్లు ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే: వంచగలిగే పెద్ద కోర్ ఫైబర్‌తో సీపీఏ. 25 నుంచి 40 మైక్రాన్ల కోర్, చివరి దశ దాకా స్ప్లైసులే, ఆఖర్న మాత్రం గాలిలో గ్రేటింగ్ కంప్రెసర్ (సన్నటి గీతలున్న పలకలతో పల్సును కుదించే భాగం). ఒకటి నుంచి కొన్ని పదుల మైక్రోజౌళ్లు, 250 నుంచి 400 ఫెమ్టోసెకన్లు. గెయిన్ పట్టీ సన్నబడటం వల్ల అంతకన్నా పొట్టి చేయడం కష్టం.

"400 ఫెమ్టోసెకన్లా? 100 దొరకదా?" అని అడిగేవాళ్లుంటారు. నిటినాల్ (నికెల్, టైటానియం కలిసిన లోహం) స్టెంట్ కోసేవాళ్లకు ఆ తేడా దాదాపు తెలియదు. లోహంలో ఎలక్ట్రాన్లకు అందిన వేడి అణువుల అల్లికకు చేరడానికి కొన్ని పికోసెకన్లు పడుతుంది. 400 ఫెమ్టోసెకన్లు దానికన్నా చాలా ముందే అయిపోతాయి. అంచు నల్లబడటం, కరిగి ముద్ద కట్టడం మీద ఎక్కువ ప్రభావం చూపేవి రెప్ రేటు (సెకనుకు ఎన్ని పల్సులన్నది), పల్సు తోకలు. కాబట్టి కోతకు 50 ఫెమ్టోసెకన్ల లేజర్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే కారణం అడగండి.

సీపీఏలో అసలు తేడా సాగదీసే భాగంలో ఉంటుంది, కొనేవాళ్లు దాని గురించి అడగరు. చవక మార్గం వందల మీటర్ల ఫైబర్ చుట్ట. దానితో చిక్కేమిటంటే, ఫైబర్‌కూ గ్రేటింగ్ కంప్రెసర్‌కూ రెండో ఆర్డరు డిస్పర్షన్ ఎదురెదురు దిశల్లో ఉంటుంది గనక ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మూడో ఆర్డరు మాత్రం రెండిటికీ ఒకే దిశ. కొట్టుకుపోవాల్సింది పోగవుతుంది, పల్సుకు ఒక పక్క తోక వస్తుంది. కొంత బి-ఇంటెగ్రల్‌ను కావాలనే ఉంచి ఈ తోకను తగ్గించే ఉపాయం ఉంది కానీ అది ఒక్క పవరు దగ్గరే కుదురుతుంది. చిర్ప్‌డ్ ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (లోపలే గీతలు రాసిన ఫైబర్ ముక్క) తీసుకుంటే మూడో ఆర్డరును కంప్రెసర్‌కు సరిపోయేలా ముందే రాసి ఇస్తారు. కొన్నిటిలో ఉష్ణోగ్రతతో సర్దుకోవచ్చు కూడా. ఇక్కడ పిసినారితనం వద్దు. డబ్బు చాలకపోతే వాట్లు తగ్గించుకుని ఇది తెచ్చుకోండి.

కుదించే వైపు ఇంకో చిన్న వస్తువు ఉంది: వాల్యూమ్ బ్రాగ్ గ్రేటింగ్. వేలంత గాజు ముక్క, అలైన్‌మెంటు చెడేది దాదాపు లేదు. దాని పట్టీ సన్నం, పల్సు నాణ్యత గ్రేటింగ్ జతంత బాగుండదు. మెషీన్ కదిలే చోట, అనుభవం ఉన్న మనిషి లేని చోట మాత్రం నేను దీనికే ఓటేస్తాను.

రాడ్, దాని యజమాని

రాడ్ ఫైబర్‌ను ఫైబర్ అనడం మర్యాద కోసమే. మీటరు లోపు గాజు కడ్డీ, 85 మైక్రాన్ల కోర్, వంచితే విరుగుతుంది. స్ప్లైస్ లేదు, కాంతిని గాలిలోంచి లెన్సులతో దూర్చాలి. దానికి బదులుగా వందల మైక్రోజౌళ్లు ఇస్తుంది. మొదట్లో చెప్పిన 2.2 మిల్లీజౌళ్లు వచ్చింది రాడ్ రకం ఫైబర్‌లోనే.

దీని హద్దు వేరే చోట ఉంది. సగటు పవరు ఒక స్థాయి దాటగానే చక్కగా ఉన్న బీమ్ హఠాత్తుగా ఊగడం మొదలుపెడుతుంది. కోర్‌లో రెండు మోడ్‌లు (కాంతి పరుచుకునే ఆకారాలు) కలిసి వేడి చారలు గీస్తాయి, ఆ చారల మీదుగా శక్తి ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కు దూకుతుంది. సెకనుకు వందలు, వేల సార్లు. దీన్ని ట్రాన్స్‌వర్స్ మోడ్ అస్థిరత అంటారు. పంప్ ఇంకా పెంచితే బాగుపడదు, ఇంకా చెడుతుంది. రాడ్‌తో వంద వాట్ల పైచిలుకు దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

రాడ్ కొనేవాళ్లు లేజర్‌తో పాటు ఒక మనిషిని కూడా కొన్నట్టే. చివరి దశ అలైన్‌మెంటును చేత్తో సరిచేయగలిగినవాళ్లు ల్యాబులో ఒకరైనా లేకపోతే, సర్వీసు ఇంజినీరు వచ్చేదాకా పని ఆగినట్టే లెక్క.

కలిపి పెంచడం

ఒక ఫైబర్ మోయలేనిదాన్ని పన్నెండు ఫైబర్లకు పంచి మళ్లీ దశ తప్పకుండా కలపడం. యేనాలోనే 2020లో ఇలా 12 చానెళ్లు కలిపి 10.4 కిలోవాట్లు తెచ్చారు, 254 ఫెమ్టోసెకన్లు, 80 మెగాహెర్ట్జ్. పల్సుకు లెక్కేస్తే అదీ 130 మైక్రోజౌళ్లే! ఇంకో దారి, ఒక్కో పల్సునే కాలంలో ముక్కలు చేసి పెంచి కలపడం. వినడానికి అద్భుతం. విశాఖలో ఇప్పుడు దీనితో అవసరం ఉన్న పని నాకు కనబడటం లేదు.

ఫైబరే వద్దనుకునే సందర్భం

కిలోహెర్ట్జ్ దగ్గర మిల్లీజౌల్ కావాలంటే ఫైబర్ వెంట పడకండి. యిటర్బియం అయాన్ ఉత్తేజిత స్థితిలో ఉండేది మిల్లీసెకను లోపు. రెండు పల్సుల మధ్య అంత వ్యవధి ఉంటే దాచిన శక్తి వృథా మెరుపుగా కారిపోతుంది, లేదా ఆ మెరుపే పెరిగి పల్సుతో కలిసి బయటికొస్తుంది. ఈ పనికి యిటర్బియం క్రిస్టల్ ఉన్న రీజెనరేటివ్ యాంప్లిఫయర్ (పల్సును ఒకే క్రిస్టల్ గుండా పదేపదే తిప్పి పెంచేది) సరైనది. 30 ఫెమ్టోసెకన్ల మిల్లీజౌళ్లు కావాలంటే టైటానియం సఫైర్.

గది, తేమ, కరెంటు

మన ఊళ్లో లేజర్లకు తేమ ముప్పు లేజర్ రకంతో సంబంధం లేకుండా ఉంటుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 26 డిగ్రీలు. డయోడ్ల కింద తిరిగే చిల్లర్ నీళ్లు సాధారణంగా 20 నుంచి 25 మధ్య పెడతారు. ఏసీ నడుస్తున్నంతసేపు గది గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. కరెంటు పోయినప్పుడు చూడండి. లేజర్, చిల్లర్ యూపీఎస్ మీద ఉంటాయి, ఏసీ ఉండదు. తలుపు రెండు సార్లు తెరిస్తే చాలు, బయటి గాలి లోపలికొస్తుంది. చల్లటి ప్లేటు మీద ముందు పొగ పట్టినట్టు మసక, తర్వాత సన్నటి చుక్కలు. రాడ్ చివరి గాజు మీద ఆ మసక ఉండగా పంప్ ఆన్ చేస్తే ఆ ముఖం ఒక్కసారికి పోతుంది.

మందు చిన్నదే. గదిలో తేమ మీటరు పెట్టి, డ్యూ పాయింట్ చిల్లర్ ఉష్ణోగ్రతకు మూడు డిగ్రీల దగ్గరకొస్తే డయోడ్లు, చిల్లర్ రెండూ ఆగిపోయేలా ఇంటర్‌లాక్ కట్టించాలి. ఏసీతో పాటు డీహ్యుమిడిఫయర్ కూడా జనరేటర్ లైన్ మీద ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక ఊళ్లో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చిల్లర్ నీళ్లు తీసేసి, గ్రేటింగులున్న పెట్టెలో సిలికా జెల్ పెట్టి మూసేసే పద్ధతి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించి ఉండాలి.

ధూళి సంగతి. పోర్టు వైపు, పాత ఊరు వైపు ఉన్న గదుల్లో కిటికీ గట్టున వేలు పెట్టి చూస్తే నల్లగా అంటుతుంది. ఆ నలుసు గాలిలో తేలుతూ రాడ్ ముఖం మీద వాలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్ప్లైస్ చేసిన ఫైబర్‌లో మధ్య దారిలో నలుసు దూరే సందే లేదు. రాడ్‌కూ వంగే ఫైబర్‌కూ మధ్య ఊగిసలాడుతున్న వాళ్లకు నేను రెండోది చెప్పడానికి ఇదొక పెద్ద కారణం.

పంప్ డయోడ్ల మాట కూడా ఇక్కడే. డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. యిటర్బియం 976 దగ్గర పీల్చుకునే పట్టీ చాలా సన్నం. తరంగదైర్ఘ్యం లాక్ చేసిన డయోడ్లు అడగండి. 915 పంప్‌కు ఈ తలనొప్పి లేదు గానీ పీల్చుకోవడం తక్కువ, దానికి ఫైబర్ పొడవు పెంచాలి, పొడవు పెరిగితే బి-ఇంటెగ్రల్ పెరుగుతుంది.

బ్రోచర్‌లో చూడాల్సినవి

పల్సు నిడివి ఎలా కొలిచారో అడగండి. ఆటోకోరిలేటర్ (పల్సును దానితోనే పోల్చి నిడివి కొలిచే పరికరం) 308 ఫెమ్టోసెకన్లు చూపిస్తే, పల్సు ఆకారం సెక్-స్క్వేర్ అనుకుంటే 200 అని, గాసియన్ అనుకుంటే 218 అని రాయవచ్చు. రెండూ అబద్ధం కావు. దీనికన్నా ముఖ్యం, మొత్తం శక్తిలో అసలు పల్సులో ఉన్నది ఎంత శాతం అన్నది. ఆటోకోరిలేషన్‌లో తోకలు నేల మీద పలచగా పరుచుకుని కనబడవు, శక్తిలో మూడో వంతు మింగేసినా సరే. ఫ్రాగ్ కొలత (పల్సు ఆకారాన్ని, దశను కూడా చూపేది) అడగండి, అదీ పూర్తి పవరు దగ్గర తీసింది. తక్కువ పవరు దగ్గర తీసిన అందమైన బొమ్మ పంపడం మామూలే.

పవరు కొలిచింది కంప్రెసర్ ముందా, తర్వాతా? గ్రేటింగుల మీదుగా వచ్చేసరికి పది నుంచి ఇరవై శాతం పోతుంది. లోహాలు కోసేవాళ్లయితే బయటికెళ్లే దారిలో ఐసొలేటర్ (కాంతిని వెనక్కి రానివ్వని భాగం) ఉందో లేదో చూసుకోవాలి. మెరిసే స్టీలు మీంచి వెనక్కి తిరిగొచ్చిన పల్సు యాంప్లిఫయర్‌లో మళ్లీ పెరుగుతూ వెళ్లి ముందు దశల డయోడ్లను కాల్చేస్తుంది. వెయ్యి గంటల తర్వాత పవరు ఎంత తగ్గిందో గ్రాఫ్ అడగండి. యిటర్బియం ఫైబర్లు కాలక్రమంలో నల్లబడే జబ్బు ఉంది, మంచి గాజులో అది తక్కువ.

ప్రభుత్వ సంస్థల్లో ఎల్1 పద్ధతి (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్లకే ఆర్డరు) ఉంటుంది కనుక పై మాటలన్నీ టెండర్‌లోనే రాయకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు. "20 వాట్లు, 400 ఫెమ్టోసెకన్ల లోపు" అని మాత్రమే రాస్తే 40 మెగాహెర్ట్జ్ పెట్టె ఒకటి తక్కువ ధరకు వచ్చి కూర్చుంటుంది. "200 కిలోహెర్ట్జ్ దగ్గర, కంప్రెసర్ తర్వాత, పల్సుకు 40 మైక్రోజౌళ్లకు తగ్గకుండా, అసలు పల్సులో 80 శాతం శక్తి" అని రాయండి. స్టెంట్ల పనికైతే ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. ఇది పెద్ద కోర్ సీపీఏ పైఅంచు, బాగా సాగదీస్తేనే అందుతుంది. మెషీన్ తట్టుకోగలిగితే 20 మైక్రోజౌళ్లకు దించి 400 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి, ఫైబర్ ఊపిరి పీల్చుకుంటుంది. గాజు లోపల రాసే వేవ్‌గైడ్లకు (కాంతి నడిచే దారులకు) ఒకటి రెండు మైక్రోజౌళ్లు చాలు. అక్కడ పొట్టి పల్సు నిజంగా ఉపయోగపడుతుంది, కాబట్టి కార్నెల్ పద్ధతిలో సొంతంగా కట్టుకోవడం ఆలోచించదగ్గదే. యిటర్బియం ఫైబర్‌కు విదేశాల వైపే చూడనక్కర్లేదు, కోల్‌కతాలోని సీజీసీఆర్‌ఐ (కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ) ఇలాంటి ఫైబర్లు తయారుచేస్తుంది.

అంగీకార పరీక్ష అమ్మేవాళ్ల ఫ్యాక్టరీలో ఒకసారి, మీ గదిలో ఒకసారి జరగాలి. రెండోది జులై, ఆగస్టు నెలల్లో పడేలా చూసుకోండి. ఎనిమిది గంటలు పూర్తి పవరు దగ్గర నడిపి, మధ్యలో ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి, ఏసీ లేకుండా యూపీఎస్ మీద ఇంటర్‌లాక్ పనిచేస్తుందో లేదో చూసి, ఆ తర్వాత మళ్లీ ఫ్రాగ్ తీయించి, అప్పుడు సంతకం పెట్టండి.